కూర పొడిగా, రొట్టె విడిగా: మ్యాచ్ రోజు వంట



బసంత్‌నగర్ నుంచి గోదావరిఖని దాకా, రామగుండం ఎన్‌టీపీసీ నుంచి ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ దాకా రేడియో వింటున్న అక్కలకు, అన్నలకు, పిల్లలకు ఈ పూట మ్యాచ్ రోజు తిండి గురించి నాలుగు మాటలు చెప్తాను.

క్రికెట్ మ్యాచ్ ఉందంటే మన ఇండ్లల్లో ఎట్లుంటదో మీకు తెలుసు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. పక్క క్వార్టర్ వాళ్లు వస్తారు. పిల్లల దోస్తులు వస్తారు. కంచాలు పెట్టుకుని, అన్నం కలుపుకుని తినే ఓపిక ఆ పూట ఎవరికీ ఉండదు. చేత్తో పట్టుకుని తినేది కావాలి. వేడిగా కావాలి. ఆదివారమైతే అందులో నీసు ఉండాలి. ఖీమా పెట్టిన బన్నో, చికెన్ వేసిన పిజ్జానో కావాలని పిల్లలు పొద్దున్నుంచే పాట మొదలుపెడతారు.

తప్పు లేదు. చేసి పెట్టాల్సిందే. కానీ నా మనసులో ఒక బాధ ఉంది, అది ముందు చెప్తాను. అందరూ మ్యాచ్ చూస్తుంటే, వండే మనిషి పొయ్యి దగ్గరే నిలబడి ఉంటది. లోపల్నుంచి కేకలు వినిపిస్తాయి. చేతిలో అట్లకాడతో గుమ్మం దాకా వచ్చి, ఏమైంది, ఏమైంది అని అడుగుతది. ఎవరో ఒకరు టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా, ఔట్ అంటారు. అంతే. ఆమెకు దక్కే మ్యాచ్ అంతే.

2025 నవంబర్ 2, ఆదివారం గుర్తు చేసుకోండి. నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి, మొట్టమొదటిసారి వన్డే ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. మన హైదరాబాద్ పిల్ల అరుంధతిరెడ్డి ఉంది. ఆ ఆఖరి క్యాచ్ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ వెనక్కి పరుగెత్తి పట్టినప్పుడు, మన ఇండ్లల్లో ఎంతమంది తల్లులు టీవీ ముందున్నారు, ఎంతమంది వంటింట్లో ఉన్నారు? ఆడవాళ్లు గెలిచిన ఆటను ఆడవాళ్లే చూడలేకపోతే ఎట్లా?

అందుకే ఈ పూట ఒక్కటే కిటుకు చెప్తాను. దాన్ని పట్టుకుంటే టాస్ వేసే వేళకే పెద్ద పని అంతా అయిపోతది. వండిన మనిషి కూడా వచ్చి కూర్చోవచ్చు.

ఆ కిటుకు ఇది. కూర పొడిగా వండండి. రొట్టె విడిగా ఉంచండి. రెండూ కలపడం తినే ముందే.

మళ్లీ చెప్తున్నా. కూర పొడిగా. రొట్టె విడిగా. కలిపేది తినే ముందు.

ఇది మీకు కొత్త విద్య ఏమీ కాదు. బొగ్గుబాయికి పోయే మనిషికి సద్ది ఎట్లా కడతారు? అన్నం ఒక గిన్నెలో, కూర ఇంకో గిన్నెలో. ఫస్ట్ షిఫ్ట్ అంటే పొద్దున ఏడు గంటలకు బాయి మీద ఉండాలి. సద్ది విప్పేసరికి మూడు నాలుగు గంటలు గడుస్తాయి. ఇంట్లోనే పప్పుచారు పోసి, అన్నం కలిపి కట్టిస్తే అది ఏమైతది? ముద్దయిపోతది. మూత తీయగానే తినబుద్ధి కాదు. అందుకే గిన్నెలు వేరు. బన్నూ ఖీమా కూడా అంతే, రొట్టె ఒక గిన్నె, కూర ఒక గిన్నె అనుకోండి.

ఇప్పుడు ఖీమా సంగతికి వద్దాం. అసలు పనంతా ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెప్తాను.

ఎనిమిది బన్నులకు అర కిలో మేక ఖీమా సరిపోతది. ఖీమాను చిల్లుల గిన్నెలో వేసి కడగండి. తర్వాత గట్టిగా నీళ్లు పిండండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పిండని ఖీమా ఎంత వేయించినా తడి విడవదు.

మూకుడులో రెండు గరిటెల నూనె. రెండు పెద్ద ఉల్లిగడ్డలు సన్నగా తరిగి ఎర్రగా వేయించండి. అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒకటిన్నర చెంచా. పచ్చివాసన పోయాక పసుపు, ఖీమా, ఉప్పు. ఉప్పు పడగానే మాంసం తనలోని నీళ్లు వదులుతది. మూత పెట్టండి. ఆ నీళ్లల్లోనే అది ఉడుకుతది. పైన మీరు నీళ్లు పోయొద్దు. చుక్క కూడా పోయొద్దు. అడుగంటకుండా మంట తగ్గించి, పావుగంట, ఇరవై నిమిషాలు ఉడకనియ్యండి.

ఆ తర్వాత మూత తీసెయ్యండి. మంట పెంచండి. కారం, ధనియాల పొడి, కొద్దిగా గరం మసాలా వేసి తిప్పుతూ ఉండండి. ఎండుకుడుక పొడి రెండు చెంచాలు చల్లితే మిగిలిన తడిని, నూనెను అదే పీల్చుకుంటది. చివర కొత్తిమీర.

మరి ఖీమా సరిగ్గా పొడిబారిందని ఎట్లా తెలుస్తది? మూకుడు మధ్యలో అట్లకాడతో ఒక గీత గీయండి. గీతలోకి నీళ్లు జారి వస్తే ఇంకా కాలేదు. గీత గీతలాగే నిలిస్తే అయినట్టు. ఈ గీత పరీక్ష గుర్తుంచుకోండి. గడియారం చూడొద్దు, గీత చూడండి.

టమాట వేద్దామా అని అడుగుతారు. అన్నంలోకైతే వేయండి, బాగుంటది. బన్నులోకి వద్దు. టమాట ఎంత మగ్గినా తడి ఉంచుతది. పులుపు కావాలంటే తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. ఐపీఎల్ రోజుల్లో అయితే మనకు ఇంకా మంచిది ఉంది. చింతచిగురు. ఎండకాలంలో చింతచెట్లు చిగురు వేసే వేళ, ఐపీఎల్ నడిచే వేళ దాదాపు ఒకటే. లేత చిగురును అరచేతుల మధ్య నలిపి, ఖీమా పొడిబారే ముందు వేసి ఐదు నిమిషాలు తిప్పండి. పులుపు వస్తది, నీళ్లు రావు. చింతచిగురు ఖీమా పెట్టిన బన్ను తిన్నాక, పట్నం దుకాణంలో సాసు పోసి ఇచ్చే బర్గరు మీద నాకైతే మనసు పోదు.

చికెన్ అయితే ఎముక లేని ముక్కలు చిన్నగా కోసి ఇట్లాగే వేయించండి. మటన్ వేపుడు చేసుకునేవాళ్లు ముందు కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, నీళ్లు ఇగిరేదాకా మూకుడులో వేయించండి. పద్ధతి అదే. పొడిగా.

రొట్టె సంగతి. బన్ను కావచ్చు, పావు కావచ్చు, డబుల్ రొట్టె కావచ్చు. మధ్యకు కోసి, కోసిన వైపు పెనం మీద కొద్దిగా నెయ్యి రాసి ఎర్రగా కాల్చండి. ఆ కాలిన పొర ఒక అడ్డుగోడ. దాని మీద నెయ్యి ఇంకో అడ్డుగోడ. కూరలో మిగిలిన కాస్త తడి కూడా లోపలికి పోదు. కాల్చిన బన్నును మాత్రం హాట్‌బాక్సులో పెట్టొద్దు. దాని ఆవిరికి అదే మెత్తబడతది. పళ్లెంలో ఉంచి పలచటి బట్ట కప్పండి. హాట్‌బాక్సు ఖీమాకు వాడుకోండి. తినేటప్పుడు ఎవరి బన్నులో వాళ్లు రెండు చెంచాల ఖీమా పెట్టుకుంటారు. ఉల్లిగడ్డ చక్రాలు, నిమ్మచెక్కలు పక్కన పెట్టండి. పిల్లలకు కూడా ఇది ఇష్టమే, వాళ్ల చేత్తో వాళ్లు పెట్టుకుంటారు కాబట్టి.

ప్రపంచంలో ఇంకెక్కడన్నా ఇట్లా చేస్తారా అంటే, చేస్తారు. అమెరికాలో సూపర్ బౌల్ అని ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెద్ద ఆట ఉంటది. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లల్ని అడగండి, ఆ రోజు అక్కడ పిజ్జాలకు ఎంత గిరాకీ ఉంటదో చెప్తారు. అక్కడ ఒక్కో ఊరికి ఒక్కో వేడి మాంసం రొట్టె ఉంది. ఫిలడెల్ఫియా వాళ్లది 1930 నాటిది. ప్యాట్ ఒలివియెరి అనే ఆయన, బండి మీద తినుబండారాలు అమ్ముకునేవాడు, మొదలుపెట్టాడు. పలచగా కోసిన మాంసాన్ని వేడి ఇనుప పెనం మీద ఉల్లిగడ్డతో వేయించి, పొడుగాటి రొట్టెలో పెట్టి అక్కడికక్కడే చేతికిస్తారు. దాని మీద చీజ్ తర్వాత వచ్చి చేరింది.

షికాగో వాళ్లది మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. మాంసం ఉడికిన రసంలో రొట్టెను కావాలనే ముంచుతారు. కారుతూ ఉంటది. మరి అది ఎట్లా బాగుంటది? నిలబడి, ముందుకు వంగి, ఇచ్చిన నిమిషంలోనే తినేస్తారు కాబట్టి. తడి రొట్టె తప్పు కాదు, తడిపి ఉంచడమే తప్పు. హైదరాబాద్ ఇరానీ హోటల్‌లో ఖీమా పళ్లెం పక్కన రొట్టె వేరుగా ఎందుకిస్తారో ఇప్పుడు అర్థమైంది కదా. ముంచుకుని అప్పుడే తింటాం. అక్కడే దొరికే లుక్మీ ఉంది. పలకలా నలుచదరంగా ఉండే మైదా పొరలో పొడి ఖీమా పెట్టి మూసి వేయిస్తారు. లోపల తడి ఉంటే ఆ పొర నూనెలోనే పగిలిపోతది. ఏ ఊరి వంటైనా చివరికి ఇదే లెక్క దగ్గరికి వస్తది.

ఇక పిజ్జా. డామినోస్ వాళ్లు మన దేశంలో మొదటి దుకాణం తెరిచింది 1996లో. ఈ ముప్పై ఏళ్లల్లో పిజ్జా మన పిల్లల నోట్లో నానిపోయింది. ఇంట్లో చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు రెండు జాగ్రత్తలు చెప్తాను. పిజ్జా మీద పచ్చి చికెన్ ముక్కలు వేయొద్దు. పెనం మీద పది నిమిషాల్లో రొట్టె మాడుతది కానీ మాంసం ఉడకదు. ముందే పూర్తిగా వండిన పొడి కూరే వేయండి. రెండోది, టమాట, క్యాప్సికం, ఉల్లిగడ్డ పచ్చిగా కుప్ప పోయొద్దు. నీళ్లు వదిలి రొట్టెను నానబెడతాయి. ఒక నిమిషం వేయించి వేయండి.

అయితే నా మాట అడిగితే, కోల్‌బెల్టులో ఉన్న మనం పిజ్జా కోసం అంత దూరం పోవాల్సిన పని లేదు. మన సర్వప్ప ఉంది. సర్వపిండి అంటారు, గిన్నెప్ప అంటారు. ఆంధ్ర వైపు తపేలా చెక్క అంటారు. రెండు గ్లాసుల బియ్యప్పిండి. నానబెట్టిన శనగపప్పు గుప్పెడు. దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, ఎల్లిగడ్డ, కారం, ఉప్పు. నీళ్లు పోసి గట్టిగా కలిపి, నూనె రాసిన సర్వలో లోపలి గోడకు, అడుగుకు వేళ్లతో ఒత్తుతాం. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేస్తాం. మూత పెట్టి సన్న మంట మీద ఉంచుతాం. చిల్లుల్లోంచి నూనె అడుగుకు దిగి, అడుగు ఎర్రగా కరకరలాడేట్టు కాలుతది. ఒకప్పుడు క్వార్టర్లల్లో బొగ్గుపొయ్యిలు ఉండేవి. ఆ నిదానమైన నిప్పు మీద కాలిన సర్వప్ప రుచి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. గ్యాసు మీద కూడా వస్తది. మంట తగ్గించి, ఓపిక పట్టాలి.

మ్యాచ్ రోజు సర్వలో కాకుండా వెడల్పాటి పెనంలో చేయండి. పెనం చల్లగా ఉండగానే పిండి ఒత్తాలి. వేడి పెనంలో చెయ్యి పెట్టలేం కదా. అందుకే ఇంట్లో రెండు పెనాలుంటే ఒకటి కాలేలోపు ఇంకోదాంట్లో ఒత్తుకోవచ్చు. మధ్యాహ్నమే నాలుగైదు చేసి పెట్టండి. సర్వప్ప చల్లారినా బాగుంటది, అదే దాని గొప్పతనం. తినే ముందు పెనం మీద రెండు నిమిషాలు వేడి చేసి, పైన పొడి ఖీమా పలచగా పరచండి. చీజ్ ఇష్టమైన పిల్లలకు పైన కొద్దిగా తురిమి, మూత పెట్టి కరగనియ్యండి. నాలుగు ముక్కలుగా కోసి ఇవ్వండి. పిండిలోనే పచ్చి ఖీమా కలిపేద్దాం అనుకోకండి. అది నీళ్లు వదిలి సర్వప్పను ముద్ద చేస్తది. లోపలి మాంసం పచ్చిగా కూడా మిగలొచ్చు.

నీసు ముట్టని రోజులుంటాయి. నేను చెప్పిన ఆ నవంబర్ 2 ఆదివారం కార్తీకమాసంలో వచ్చింది. చాలా ఇండ్లల్లో ఆ నెలంతా మాంసం వండరు. ఆ రోజు సర్వప్ప మీద పల్లీల చట్నీ చాలు, దేనికీ లోటు లేదు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. రుచి కంటే ఇది ముఖ్యం.

ఐపీఎల్ మార్చి చివర నుంచి మే చివర దాకా నడుస్తది. రామగుండం ఎండ మీకు నేను చెప్పాలా? 45 డిగ్రీలు దాటడం మనకు వింత కాదు. వండిన మాంసంలో క్రిములు 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య గబగబా పెరుగుతాయి. మామూలు రోజుల్లో వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండొద్దంటారు. గాలి వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఎండకాలంలో రాత్రి ఎనిమిదింటికి కూడా ఇంట్లో 32 దాటే ఉంటది. కాబట్టి మనకు లెక్క గంటే. ఖీమాకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ముక్క మాంసంలో క్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి. కొట్టిన ఖీమాలో పైది లోపలికి, లోపలిది పైకి అంతా కలిసిపోతది. అందుకే ఎర్రదనం ఎక్కడా మిగలకుండా ఉడకాలి.

మ్యాచ్ మొదలయ్యేది రాత్రి ఏడున్నరకు. ఖీమా ఆరున్నరకు దించారనుకోండి. మొదటి వాయికి కావలసింది హాట్‌బాక్సులో పెట్టండి. లేదంటే పొయ్యి మీద వెడల్పు గిన్నెలో నీళ్లు సన్నగా కాగనిచ్చి, ఖీమా గిన్నెను అందులో నిలపండి. వేలు పెట్టలేనంత వేడిగా ఉండాలి. గోరువెచ్చగా ఉంచడం అన్నిటికంటే ప్రమాదం. మిగిలింది పళ్లెంలో పలచగా పరిచి, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో కుప్పగా పెడితే నడుమ చల్లబడడానికి చాలా సేపు పడతది.

మయోనీస్ గురించి కూడా చెప్పాలి. తెల్లగా, మెత్తగా ఉంటది, పిల్లలకు ఇష్టం. పచ్చి గుడ్డుతో చేసిన మయోనీస్‌ను మన తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది ఆస్పత్రుల పాలై, ఒకామె ప్రాణం పోయిన తర్వాత తీసుకున్న నిర్ణయం అది. పచ్చి గుడ్డు, ఎండకాలం, గంటలకొద్దీ బయట పెట్టడం, ఈ మూడూ కలిస్తే విషమే. ఇంట్లో కూడా పచ్చి గుడ్డుతో మయోనీస్ చేయొద్దు. గడ్డపెరుగును బట్టలో కట్టి గంటసేపు వేలాడదీసి, ఎల్లిగడ్డ, పుదీన, ఉప్పు కలపండి. ఖీమా బన్నులోకి అదే బాగుంటది. దాన్ని కూడా ఫ్రిజ్‌లోనే ఉంచి, కావలసినంతే బయటికి తీయండి.

సెకండ్ షిఫ్ట్ ఇండ్లకు ఇంకో మాట. మధ్యాహ్నం మూడింటికి బాయిలోకి దిగిన మనిషి రాత్రి పదకొండుకు షిఫ్ట్ దిగుతాడు. ఏడున్నరకు మొదలైన మ్యాచ్ కూడా దాదాపు అప్పుడే అయిపోతది. ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర. సిమెంటు ఫ్యాక్టరీలో, ఎన్‌టీపీసీలో షిఫ్టులు చేసేవాళ్ల ఇండ్లల్లో కూడా ఇదే కథ. నవంబర్ 2 నాటి ఆ ప్రపంచకప్పు ఫైనల్ వాన వల్ల రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది, అర్ధరాత్రి దగ్గరికి పోయింది. మనం అనుకున్న వేళకు ఆట అయిపోదు, మనం అనుకున్న వేళకు మనిషి రాడు. ముందే నింపి పెట్టిన బన్నులైతే అప్పటికి చల్లగా, మెత్తగా, తినకూడనివిగా మారి ఉంటాయి.

విడిగా ఉంచినవాళ్లకు ఆ చింత లేదు. ఆయన స్నానానికి పోగానే ఫ్రిజ్‌లోంచి ఖీమా తీసి మూకుడులో వేయండి. అంతటా పొగలు వచ్చేదాకా తిప్పుతూ వేడి చేయండి. అంచులు వేడెక్కి నడుమ చల్లగా ఉంటే సరిపోదు. పక్క పొయ్యి మీద రెండు బన్నులు కాల్చండి. పది నిమిషాల పని. ఒకసారి అట్లా వేడి చేసింది మళ్లీ దాచొద్దు, ఎంత కావాలో అంతే తీయండి.

ఇంకొక్కటి, ఇది మగవాళ్లకు, పెద్ద పిల్లలకు. కూర పొడిగా, రొట్టె విడిగా ఉంచిన ఇంట్లో, కలిపే పని ఎవరైనా చేయవచ్చు. బన్ను కాల్చడానికి పెద్ద వంట రావాల్సిన అవసరం లేదు. ఇన్నింగ్స్ మధ్యలో దొరికే విరామం చాలు. వచ్చే మ్యాచ్ రోజు ఖీమా ఆమె వండితే, బన్నులు మీరు కాల్చండి. పళ్లేలు మీరు అందించండి. మొదటి బన్ను ఆమె చేతికిచ్చి, టీవీ ముందు కుర్చీ ఆమెకు వేయండి.